వార్తల అలర్టు: కొన్నేళ్లు వాడాక

విజయవాడలో మాది చిన్న రక్తదాతల సంఘం. మా గురించి పేపర్లలో ఏం పడుతోందో చూసే పని నాది. 2022లో, కొత్త జిల్లాలు వచ్చిన రోజుల్లో, మనం ఇచ్చిన మాటలున్న వార్తలను మెయిల్‌కి పంపే ఒక ఉచిత అలర్టు పెట్టుకున్నాను. ఇప్పటికీ వాడుతున్నాను.

మొదటి వారమే నవ్వొచ్చింది. ఎన్టీఆర్ జిల్లా, రక్తదానం అని ఇస్తే మెయిల్ నిండా జూనియర్ ఎన్టీఆర్ సినిమా కబుర్లు! (అభిమానులు పెట్టే రక్తదాన శిబిరాల వార్తలూ వచ్చాయి, అవి పనికొచ్చాయనుకోండి.) జిల్లా పేరును కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఆ మాట ఉన్నవి రావొద్దని "సినిమా" ముందు మైనస్ పెట్టాక గోల తగ్గింది.

అసలు చిక్కు తెలుగుతోనే. "రక్తదాతల సంఘం" అని కొటేషన్లలో ఇస్తే, విలేకరి "రక్తదాతల సంఘానికి" అని రాసిన వార్త నాకు రాలేదు. విభక్తి మారిందంటే దానికి అది వేరే మాట. అందుకని సంఘం, సంఘానికి, సంఘంలో, సంఘ సభ్యులు అని నాలుగు అలర్టులు పెట్టాను. బెజవాడ అని రాసేవాళ్ల కోసం ఐదోది.

జిల్లా పేజీల సంగతి మరీ అన్యాయం. మాలాంటి వాళ్ల వార్త పడేదే అక్కడ. ఈ-పేపర్‌లో అది బొమ్మగా ఉంటే అలర్టుకి కనపడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మావాళ్లు పాల ప్యాకెట్లు పంచిన వార్త ఫొటోతో సహా పడింది. మెయిల్‌లో ఒక్క ముక్క లేదు. ఇంకోసారి ఒక పేపర్లో మా ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. గవర్నర్‌పేటలో ఎవరో షాపాయనకు రోజంతా "బి నెగెటివ్ దొరుకుతుందా అండీ" అని ఫోన్లు. పాపం, సాయంత్రం ఆయనే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి చెప్పారు. అప్పటినుంచి పొద్దున్నే టీ తాగుతూ జిల్లా పేజీలు నేనే తిప్పుతున్నాను. కటింగ్ సేవ్ చేసి, తేదీ, పేపరు పేరు, పేజీ నంబరు ఫైలు పేరులోనే రాసుకుంటాను.

మరి అలర్టు ఎందుకు తీసెయ్యలేదంటే, మా పేరు కోసం కాదు. "రక్తం కొరత", "తలసేమియా" (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) అన్న మాటల కోసం. ఎండాకాలం కాలేజీలు మూతపడితే శిబిరాలు తగ్గిపోతాయి. తలసేమియా ముదిరిన పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఒక మే నెలలో గుంటూరు నుంచి అలాంటి వార్త మెయిల్‌లో కనపడగానే వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మధ్యాహ్నానికి ఆరుగురు గుంటూరు బస్సెక్కారు.

"వెంటనే పంపు" అన్న సెట్టింగ్ మాత్రం పెట్టుకోకండి, ఊరికే టెన్షన్. రోజుకోసారి చాలు. జూన్ 14 (ప్రపంచ రక్తదాతల దినం), అక్టోబరు 1 (జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం) దగ్గర పడితే ఎలాగూ మెయిల్ నిండిపోతుంది, సగం రిబ్బన్ కటింగ్ ఫొటోలే.