జైరాయిడ్ ఇన్‌ఫిల్: రెండేళ్ల వాడకం తర్వాత

3డీ ప్రింటింగ్‌లో, మోడల్‌ని ప్రింటర్ కమాండ్లుగా మార్చే స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌ఫిల్ ప్యాటర్న్ (ముక్క లోపలి అల్లిక) అడిగే చోట ఒకసారి జైరాయిడ్ (అలల్లా వంపులు తిరిగే అల్లిక) పెట్టాక మళ్లీ గ్రిడ్ (తిన్నని గీతల గళ్లు) వైపు చూడాల్సిన అవసరం పెద్దగా రాలేదు. అలాగని ఇది సర్వరోగ నివారిణేం కాదు. నేను వాడింది 0.4 మి.మీ. నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ వచ్చే మూతి), 0.2 మి.మీ. లేయర్, ఎక్కువగా పీఎల్ఏ, పెట్‌జీ అనే గట్టి ప్లాస్టిక్‌లు, కొంత రబ్బరులా వంగే టీపీయూ. కింద రాసిందంతా ఈ వాడకంలో తేలిందే.

ముందుగా, జైరాయిడ్ గురించి చెప్పే 'సీతాకోకచిలుక రెక్కను చూసి చేసిన డిజైన్' అనే మాట సంగతి. అందులో సగమే నిజం. ఈ ఆకారాన్ని 1970లో నాసాలో పనిచేస్తున్న అలన్ షోన్ గణితం దారిలో పట్టుకున్నాడు. కాలోఫ్రిస్ రూబీ అనే ఆకుపచ్చ సీతాకోకచిలుక రెక్కల పొలుసుల్లోనూ అదే ఉందని తర్వాత బయటపడింది. అక్కడ ఒక్కో గడి (ఆకారం మళ్లీ మొదలయ్యే దూరం) సుమారు 300 నానోమీటర్లు. బరువు మోయడానికి కాదు, ఆకుపచ్చ కాంతిని వెనక్కి పంపి రంగు తెప్పించడానికి. 15 శాతం ఇన్‌ఫిల్‌లో (లోపల 15 శాతమే ప్లాస్టిక్) మన గడి 8–9 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆకారం ఒకటే, ఉద్యోగాలు వేరు.

జైరాయిడ్‌లో అసలు లాభం బలం కంటే ముందు ఇంకొకటి: ఒకే లేయర్‌లో గీత మీద గీత పడదు. గ్రిడ్‌లో ప్రతి లేయర్‌లోనూ గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి, ఆ కూడళ్లలో ప్లాస్టిక్ బొడిపెలా లేస్తుంది, నాజిల్ దాన్ని టకటకా కొట్టుకుంటూ పోతుంది. సన్నగా పొడుగ్గా ఉన్న ముక్కయితే ఆ దెబ్బలకే బెడ్ (ముక్క నిలిచే పలక) మీద నుంచి ఊడొస్తుంది. జైరాయిడ్‌కి మారితే ఈ చప్పుడు పోతుంది.

దాని బదులు వేరే చప్పుడు వస్తుంది, అది వేరే కథ. అలల్లాంటి గీతలు కొంత ఎత్తు వరకు ఎక్స్ (కుడి-ఎడమ) దిశలో, తర్వాత నెమ్మదిగా వై (ముందు-వెనక) దిశలోకి తిరుగుతాయి. బెడ్ ముందుకూ వెనక్కూ కదిలే ప్రింటర్‌లో, అల ఊపు వై మీద పడిన ఎత్తుల్లో టేబులంతా వణుకుతుంది, కొన్ని మిల్లీమీటర్లు దాటగానే సద్దుమణుగుతుంది. మిషన్ పాడైందని బెల్టులు బిగించే ముందు ఇన్‌ఫిల్ వేగాన్ని సెకనుకు 80 మి.మీ. నుంచి 50కి, యాక్సిలరేషన్‌ని (వేగం అందుకునే రేటు) 500 మి.మీ./సె²కి దించి చూడండి. ఇన్‌ఫిల్ శాతం పెరిగేకొద్దీ అలలు దగ్గరవుతాయి కాబట్టి 40 శాతంలో ఈ వణుకు మరీ ఎక్కువ.

ప్రింటర్‌ని నడిపే పాత 8-బిట్ బోర్డులకు ఇంకో తిప్పలు. తిన్నని గీతకు రెండు బిందువులు చాలు, అలకు డజన్లు కావాలి. ఫైలు ఉబ్బిపోతుంది, యూఎస్‌బీ కేబుల్ మీద ప్రింట్ చేస్తే కమాండ్లు అందక నాజిల్ ఆగి ఆగి కదులుతుంది, ఆగిన చోటల్లా బొట్టు పడుతుంది. ఎస్‌డీ కార్డు నుంచి ప్రింట్ చేసి, స్లైసర్‌లో జీ-కోడ్ (ప్రింటర్ కమాండ్లు) రిజల్యూషన్ 0.05 మి.మీ.కి మారిస్తే చాలావరకు తగ్గుతుంది.

బలం విషయంలో: ఏ దిక్కు నుంచి నొక్కినా దాదాపు ఒకేలా ఆగుతుంది, అది నిజం. కానీ బ్రాకెట్ వంగకూడదనుకుంటే 15 శాతాన్ని 40 చేయడం ఫిలమెంట్ (ప్లాస్టిక్ తీగ) దండగ. వంపు భారం అంచుల మీదే పడుతుంది, కాబట్టి బయటి గోడలు రెండు ఉంటే నాలుగు చేయండి. స్క్రూ రంధ్రాల చుట్టూ కూడా గోడలే కావాలి. స్క్రూకి పట్టు దొరికేది వాటిలోనే, బోలు అలల్లో కాదు. 10 శాతం కంటే తగ్గిస్తే పైకప్పు లేయర్లు గడుల మధ్య గుంటలు పడతాయి. ఐదు టాప్ లేయర్లు వేయండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద హోల్డర్ వంగిపోతే తప్పు ప్యాటర్న్‌ది కాదు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, పెట్‌జీ 80 దాకా ఓర్చుకుంటుంది.

టీపీయూలో మాత్రం దీనికి సాటి లేదు. గ్రిడ్‌తో చేసిన మెత్తను బొటనవేలితో నొక్కితే నిలువు గోడలు కాసేపు మొండికేసి, ఉన్నట్టుండి మడత పడతాయి. జైరాయిడ్ మొదటి నుంచీ స్పాంజిలా దిగుతుంది, వదలగానే లేస్తుంది. 95ఏ గట్టిదనం ఉన్న ఫిలమెంట్, ఒకే గోడ, 10–12 శాతం అయితే మెత్తన. మిషన్ కాళ్ల కింద వేసే ప్యాడ్లకు 25. వేగం 25–30 దాటొద్దు. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ లాంటి చోట, టీపీయూని 50 డిగ్రీల్లో ఐదారు గంటలు ఆరబెట్టకపోతే నాజిల్ దగ్గర చిటపటలు, ముక్కంతా సాలెగూడు దారాలు.

బరువు కోసం లోపల ప్లాస్టర్ గానీ ఎపాక్సీ గానీ పోసేవాళ్లకు ఒక మెలిక. జైరాయిడ్ పొర లోపలి ఖాళీని ఒకదాన్నొకటి కలవని రెండు దారులుగా చీలుస్తుంది. ఒక్క రంధ్రం పెట్టి పోస్తే ఒక దారే నిండుతుంది, ముక్క సగం బోలుగానే మిగులుతుంది. రెండు దారులకూ చెరొక రంధ్రం, గాలి పోయేందుకు పైన మరో రెండు పెట్టాలి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఒకేసారి నింపితే పీఎల్ఏ గోడలు ఉబ్బుతాయి, కాబట్టి కొంచెం కొంచెంగా, ముందు పోసింది చల్లారాకే పోయండి.