“విండోస్ సర్వర్ వేసే ఇస్తాం” అంటే నమ్మి డబ్బు కట్టకండి: ఒడిశాలోని రాయగడ, గుణుపురం వాళ్లకి

వైజాగ్ నుంచి మన వైపు మిల్లులకీ హోల్‌సేల్ కొట్లకీ సర్వర్లు దింపేది ఎవరో మీకు తెలుసు, పేరు రాయను. “ఓఎస్ వేసే ఇస్తాం, పైన పైసా ఖర్చుండదు” అన్నారు. వేసింది ఎవాల్యుయేషన్ కాపీ, అంటే వాడి చూడమని ఇచ్చే ట్రయల్. దానికి 180 రోజులే గడువు, ఆ తర్వాత మిషన్ గంటకోసారి దానంతటదే ఆగిపోతుంది. అంతకుముందే, 120 రోజులకి, రిమోట్ డెస్క్‌టాప్‌కి (వేరే కంప్యూటర్ నుంచి సర్వర్‌లో పని చేయడానికి) లైసెన్సు లేకుండా ఇచ్చే గ్రేస్ గడువు అయిపోయి యూజర్లెవరూ అలా లాగిన్ కాలేరు. మా మిల్లులో అదే జరిగింది, కాటా దగ్గర ధాన్యం లారీలు వరసకట్టి ఉన్నప్పుడు.

ఫోన్ చేస్తే ఆ అమ్మినాయన అన్న మాట: “లైసెన్సు అమ్మామని బిల్లులో ఎక్కడైనా ఉందా? చదువుకోకుండా డబ్బు కట్టమని ఎవరన్నారు? మీ ఒడిశా వాళ్లతో ఇదే గొడవ.” అడ్వాన్సు తీసుకునే రోజున బాబూ, అన్నా అని పిలిచిన నోరే. ఇంత అడ్డంగా మాట్లాడటానికి మనసెలా వచ్చిందండీ? బిల్లులో నిజంగానే హార్డ్‌వేర్ లైను ఒక్కటే ఉంది. దాని మీద కూడా వేరే రాష్ట్రానికి అమ్మితే వేయాల్సిన ఐజీఎస్టీ బదులు ఆంధ్రా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేశారు. 21తో (ఒడిశా కోడ్) మొదలయ్యే మన జీఎస్టీ నంబరుకి ఆ క్రెడిట్ రాదు, అంటే కట్టిన పన్నుని మన పన్నులో తగ్గించుకోలేం.

అసలు ఖర్చు ఇలా ఉంటుంది. విండోస్ సర్వర్ స్టాండర్డ్‌కి కోర్ల (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల) లెక్కన లైసెన్సు, మీ ప్రాసెసర్‌కి ఎనిమిది కోర్లే ఉన్నా కనీసం 16 కొనాలి. దానిపైన మనిషికో మిషన్‌కో ఒక క్యాల్, అంటే సర్వర్‌ని వాడుకునే లైసెన్సు. షిఫ్టులవారీగా ఒకే కంప్యూటర్ మీద కూర్చునే చోట డివైస్ క్యాలే చవక. టాలీని రిమోట్‌లో వాడితే ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్) క్యాల్ మళ్లీ వేరే. పది మంది ఉన్న ఆఫీసుకి ఇవన్నీ కలిపితే సాఫ్ట్‌వేర్ ఖర్చు చిన్న సర్వర్ ధరనే దాటిపోవచ్చు, అందుకే కొటేషన్లో దాచేస్తారు. ఫైళ్లు పంచుకోవడం ఒక్కటే పనైతే ఉచితంగా దొరికే లినక్స్ మీద సాంబా అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ చాలు, దానికి క్యాల్ గొడవే లేదు.

ఆఖరి వాయిదా ఇచ్చేముందు కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్‌ఎల్‌ఎంజీఆర్ /డీఎల్‌వీ’ (slmgr /dlv) కొట్టించండి, ఏ రకం లైసెన్సో చూపిస్తుంది. ఎవాల్ అని కనిపిస్తే డబ్బు ఆపేయండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు అసలు కీ కొని విండోస్‌లోనే ఉండే డిస్మ్ (DISM) కమాండ్‌తో మార్చుకోవచ్చు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అయితే డొమైన్ కంట్రోలర్‌గా (ఆఫీసులో అందరి లాగిన్లు చూసే సర్వర్‌గా) పెట్టినదాని మీద అది కుదరదు, ముందు ఆ రోల్ తీయించాలి. బ్యాకప్ తీయకుండా మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి.