68 వేలు పోసి కారు పాడు చేసుకున్నాను: సస్పెన్షన్ మార్పించే ముందు ఇది చదవండి

షాపు పేరు రాయను, అడిగినా చెప్పను. ఫిర్యాదు నడుస్తోంది. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఇలాంటి షాపులు చాలా ఉన్నాయి. పేరు తెలుసుకుని దాన్ని తప్పించుకున్నా పక్క షాపులో ఇదే జరగొచ్చు. అందుకే పేరు కన్నా ఏం జరిగిందో తెలుసుకోవడం మీకు ఎక్కువ పనికొస్తుంది.

నాది 2017 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల టర్బో, 105 పీఎస్, ఏడు గేర్ల ఆటోమేటిక్ డీఎస్‌జీ. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 2022లో పోలో మన దగ్గర ఆగిపోయాక, ఉన్నవాళ్లం దాన్ని అమ్ముకోలేక, దాని మీద ఖర్చు మానుకోలేక తిరుగుతున్నాం. 70 వేల కిలోమీటర్లు దాటాక బండి కాస్త వదులైనట్టు అనిపించింది. అనంతపురం వెళ్లేటప్పుడు హెబ్బాళ దాటి స్పీడు అందుకుని లేన్ మారితే, ముందు భాగం తిరిగాక వెనక భాగం తీరిగ్గా వచ్చేది. స్పీడ్ బ్రేకర్ దిగాక ఒకటికి రెండుసార్లు ఊగేది. "స్టాక్ సస్పెన్షన్ ఇంతే, కోయిలోవర్లు వేయించు" అని ఆఫీసులో ఇద్దరు చెప్పారు. స్టాక్ అంటే కంపెనీ బిగించి ఇచ్చింది, కోయిలోవర్లంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి వచ్చే, ఎత్తు మార్చుకోగల కిట్టు. ఆ ఇద్దరికీ బైకులే ఉన్నాయన్న సంగతి నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

షాపులో కౌంటర్ దగ్గర కుర్రాడు నా నంబరు ప్లేటు చూసి తెలుగులో పలకరించాడు. "మాది మదనపల్లె అన్నా" అన్నాడు. అంతే, నాలో సగం జాగ్రత్త అక్కడే పోయింది. పరాయి ఊళ్లో మన భాష వినపడితే బేరం ఆడటానికి కూడా మొహమాటం వస్తుంది మనకి. టీ తెప్పించాడు. నిగనిగలాడే పసుపు స్ప్రింగులున్న పెట్టె తెరిచాడు. పెట్టె మీద పేరున్న జర్మన్ కంపెనీ గుర్తు ఉంది. "గ్యాస్ మోనోట్యూబ్ అన్నా, పెట్టినాక బండి రోడ్డుకి అతుక్కుంటాది."

ఆ రోజంతా అతను నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎంత దించమంటారన్నా?"

నేను 40 మి.మీ. అన్నాను. ఎందుకు 40 అంటే నా దగ్గర సమాధానం లేదు. ఫోటోల్లో బాగుంటుంది, అంతే. కిట్టుకి 58 వేలు, ఫిట్టింగు, అలైన్‌మెంటు కలిపి ఇంకో 10 వేలు. బిల్లు అడిగితే "బిల్లయితే జీఎస్టీ పడుతుంది, మీకెందుకన్నా ఆ భారం" అన్నాడు. ఒక తెల్లకాగితం మీద 'సస్పెన్షన్ వర్క్, 1 ఇయర్' అని రాసిచ్చాడు. కింద సంతకం కూడా లేదు. ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని నేను సంతోషంగా బయటికొచ్చాను చూడండి, అది తలచుకుంటేనే ఇప్పటికీ నా మీద నాకు కోపం.

ఫిట్టింగు మధ్యాహ్నం భోజనం టైముకి అయిపోయింది. నేను పక్కనే నిలబడి చూశాను. స్ట్రట్టు (ముందు చక్రం దగ్గర స్ప్రింగు, షాక్ కలిసి ఉండే భాగం) పైన ఉండే నట్టుని గాలి గన్నుతో 'డర్ర్' మని బిగించారు. అలా బిగిస్తే నట్టుతో పాటు లోపలి రాడ్ కూడా గిరగిరా తిరుగుతుంది, ఆయిల్ సీలు, లోపలి వాల్వు దెబ్బతింటాయి. రాడ్‌ని అలెన్ కీతో కదలకుండా పట్టుకుని, నట్టుని చేతి పానాతో బిగించాలి. ఇది నాకు తర్వాత తెలిసింది. వెనక బుష్‌ల (కీళ్లలో ఉండే రబ్బరు ముక్కల) బోల్టులు కూడా కారు లిఫ్టు మీద ఉండగానే, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేశారు. కారు నేల మీద నిలబడ్డాక బిగించాల్సిన బోల్టులవి. గాల్లో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి, కొన్నాళ్లకు చిరుగుతుంది. అలైన్‌మెంటు ప్రింటు అడిగితే "మెషిన్ పేపర్ అయిపోయింది" అన్నారు.

మొదటి వారం మాత్రం స్వర్గం. కారు గట్టిగా ఉంది, కిందికి ఉంది, చూడ్డానికి కసిగా ఉంది. గట్టిగా ఉండటమే పట్టు అనుకున్నాను.

రెండో వారం నుంచి అసలు కథ. మా అపార్టుమెంటు బేస్‌మెంటు ర్యాంపు దగ్గర అడుగు భాగం గీసుకోవడం మొదలైంది. లెక్క చూడండి. పోలో గ్రౌండ్ క్లియరెన్స్ దాదాపు 165 మి.మీ. అందులో 40 తీస్తే 125. నలుగురు ఎక్కితే ఇంకా దిగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తే 100 మి.మీ., అదీ 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మన సర్జాపుర రోడ్డు సందుల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో కట్టేసే దిమ్మలకి ఆ ప్రమాణం ఎవరు చదివి వినిపిస్తారు?

ఇంకో సంగతి ఆ షాపువాడికీ తెలియదు, నాకూ తెలియదు. మన దేశంలో అమ్మిన పోలోని ఇక్కడి రోడ్ల కోసం యూరప్ కారు కన్నా ఎత్తుగా పెట్టారు. విదేశీ కిట్టు పెట్టె మీద '40 మి.మీ.' అని ఉంటే అది అక్కడి కారు ఎత్తు నుంచి లెక్క. మన కారుకి అదే స్ప్రింగు వేస్తే అంతకన్నా ఎక్కువే దిగుతుంది. టేపు పట్టుకుని చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ముందూ వెనకా కొలిచి రాసుకోకపోతే ఎంత దిగిందో కూడా తెలియదు. నేను కొలవలేదు.

ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మీద ప్రతి జాయింటు దగ్గరా 'ధన్' మని వెన్నులోకి తగిలేది. తగిలి ఊరుకోదు, తర్వాత జాయింటు వచ్చేదాకా కారు గుర్రంలా ఎగురుతూనే ఉండేది. దీనికి కారణం చాలా సింపుల్. స్ప్రింగు గట్టిదైతే అది తిరిగి లేచే బలం కూడా ఎక్కువ. ఆ బలాన్ని పట్టుకుని ఆపాల్సింది షాక్ అబ్జార్బరు. స్ప్రింగు గట్టిది, షాక్ నాసిది అయితే చక్రం రోడ్డు మీద ఉండదు, రోడ్డుని తడుముతూ ఉంటుంది.

నంది కొండల రోడ్డులో అది కళ్లకి కనిపించింది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు, అతుకులేసిన మలుపు, స్పీడు కూడా పెద్దగా లేదు. మీటర్లో ట్రాక్షన్ కంట్రోల్ లైటు మినుకుమినుకుమంది. అదే మలుపులో స్టాక్ సస్పెన్షన్‌తో ఆ లైటు ఎప్పుడూ వెలగలేదు. పైగా బాడీ కూడా ముందుకన్నా ఎక్కువ ఒరుగుతున్నట్టు అనిపించింది. భ్రమేమో అనుకున్నాను, కాదట. ముందు స్ట్రట్టు ఉండే కార్లలో మరీ కిందికి దించితే, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. దానితో, కారు మలుపులో ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, బాడీ దిగినదానికన్నా ఎక్కువ దిగిపోతుంది. ఫలితం, కారు కిందికి ఉన్నా ఒరిగే గుణం పెరుగుతుంది. కొద్దిగా దించితే ఫర్వాలేదు. మరీ నేలకి దించుకుని దాన్ని హ్యాండ్లింగ్ అనుకుంటే ఇదిగో, నాలాగే.

సంక్రాంతికి అమ్మని ఎక్కించుకుని ఊరెళ్లాను. బాగేపల్లి దాటేదాకా ఏమీ అనలేదు. పెనుకొండ దగ్గర టీకి ఆపితే దిగి, నడుము పట్టుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఏమప్పా, బాగున్న బండిని దుడ్డిచ్చి ఎవరన్నా ఇట్ల చేపించుకుంటారా?" తిరుగు ప్రయాణం ఆమె బస్సులో వచ్చింది.

నాలుగో నెలలో ముందు ఎడమ వైపు నుంచి 'టక్ టక్' శబ్దం. షాపుకి ఫోన్ చేస్తే "సెట్ అవుతుందన్నా, కొత్తలో అంతే". మళ్లీ చేస్తే "మీ రోడ్లు బాలేవన్నా". మూడోసారి ఫోన్ ఎత్తలేదు. మదనపల్లె కుర్రాడు షాపు మానేశాడట.

చివరికి విల్సన్ గార్డెన్‌లో ఒక పాత మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన కారు ఎత్తకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు. "ఎంతమంది కూర్చుంటారు సార్? బేస్‌మెంటు ఉందా? నెలకి ఎన్ని కిలోమీటర్లు? హైవేనా, సిటీనా? టైర్లు ఎప్పుడు వేశారు? దించకముందు బండికి ఏం కష్టం?" ఆ చివరి ప్రశ్నకి నేను చెప్పింది విని తల పట్టుకున్నాడు. "70 వేలు తిరిగిన షాకులు సార్ అవి. చచ్చిపోయినాయి. షాకుల్ని పైన బాడీకి పట్టి ఉంచే టాప్ మౌంట్లు కూడా. కొత్త స్టాక్‌వి వేసుంటే మీకు కావాల్సింది వచ్చుండేది." నేను చచ్చిపోయిన షాకుల్ని చూసి, కంపెనీ ఇచ్చిన సస్పెన్షనే అంత అనుకున్నానన్నమాట.

తర్వాత నా చెయ్యి పట్టుకుని ముందు టైరు లోపలి అంచు మీద పెట్టాడు. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదే. లోపలి అంచు నున్నగా, గుండులా ఉంది, ఒకచోట తీగ వేలికి గుచ్చుకుంది. కారు దిగితే చక్రాల కోణాలు మారతాయి, టో, అంటే చక్రాలు ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మళ్లీ సెట్ చేయకపోతే టైరుని లోపలి నుంచి తినేస్తుంది. హైవే మీద 100లో ఆ టైరు పేలి ఉంటే? ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

విప్పాక అసలు రంగు బయటపడింది. ఎడమ షాక్ ఒళ్లంతా ఆయిలు, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి ముద్ద. గ్యాస్ ఉన్న షాక్ రాడ్‌ని లోపలికి నొక్కి వదిలితే అదే పైకి రావాలి. ఆయన కుడివైపుది, లీకు లేనిది, నొక్కి వదిలాడు. లోపలే ఉండిపోయింది. పెట్టెలో కొత్తగా ఉన్నప్పుడే నేను ఈ ఒక్క పని చేసుంటే అక్కడే తెలిసిపోయేది, పది సెకన్ల పని. టక్ టక్ శబ్దం కథ వేరే. ఆ కిట్టులో ఎత్తు తగ్గించాలంటే స్ప్రింగు కింది రింగుని దించడమే. అలా దించితే, చక్రం గుంటలో పూర్తిగా కిందికి దిగినప్పుడు స్ప్రింగు వదులై తన చోటు నుంచి జరుగుతుంది. మంచి కిట్లలో దాన్ని పట్టి ఉంచడానికి చిన్న హెల్పర్ స్ప్రింగు పెడతారు, లేదా స్ప్రింగుని వదులు చేయకుండా కింది బ్రాకెట్టుని వేరుగా తిప్పి ఎత్తు తగ్గించే వీలుంటుంది. దీనికి రెండూ లేవు. పార్ట్ నంబరు స్టిక్కరుని కంపెనీ సైటులో వెతికితే అలాంటి నంబరే లేదు.

కాబట్టి కొనబోయేవాళ్లు డబ్బు ఇవ్వకముందే పార్ట్ నంబరు మీ కళ్ల ముందు కంపెనీ కేటలాగులో కొట్టి, మీ మోడల్, ఇంజను, ముందు ఇరుసు బరువు పరిమితి సరిపోతున్నాయో చూడండి. నిజమైన జర్మన్ కిట్లతో టీయూవీ (జర్మనీలో భద్రతా పరీక్షలు చేసే సంస్థ) పత్రం వస్తుంది, అందులో ఎంత దించొచ్చో, ఎంత బరువుకో రాసి ఉంటుంది. కాస్త దించాలనే ఉంటే స్ప్రింగుతో పాటు దానికి సరిపోయే షాకూ ఉండాలి. ఉదాహరణకి బిల్‌స్టీన్‌లో బీ6 మామూలు ఎత్తుకి, బీ8 దించిన స్ప్రింగులకి, రాడ్ పొట్టిగా చేసి ఇస్తారు. స్టాక్ షాకుల మీద దించిన స్ప్రింగులు మాత్రం వేసేస్తామనే వాళ్ల దగ్గర టీ కూడా తాగకండి. జీఎస్టీ బిల్లు, దాని మీద పార్ట్ నంబరు, అలైన్‌మెంటుకి ముందూ తర్వాతా ప్రింటు, ఈ మూడూ లేకుండా తాళం తీసుకోవద్దు.

చట్టం మాట కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. స్ప్రింగు ఆర్సీలో ఉండదు కదా అని షాపువాళ్లు అంటారు. నిజమే, కానీ చెప్పకుండా మార్చింది క్లెయిము రోజున సర్వేయరు కంట పడితే వాదించుకోవాల్సింది మీరే. ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి తెలియజేయండి.

నా లెక్క ఇది: కిట్టు, ఫిట్టింగు 68 వేలు, రెండు టైర్లు 14 వేలు, మళ్లీ స్టాక్ షాకులు, స్ప్రింగులు, మౌంట్లు 31 వేలు, కూలి 5 వేలు. మొత్తం 1,18,000. ఇప్పుడు కారు మెత్తగా, చెప్పినమాట వింటూ, నేను మొదట్లో కోరుకున్నట్టే నడుస్తోంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, రెండేళ్లు గడువుంది. ఆ తెల్లకాగితం ఎంతవరకు నిలబడుతుందో చూడాలి. యూపీఐలో షాపు ఖాతాకి కట్టిన రసీదు మాత్రం ఉంది. నగదు ఇవ్వనందుకు అదైనా మిగిలింది.

అన్నట్టు, మళ్లీ స్టాక్ స్ప్రింగులు ఎందుకు కొన్నావని అడగొచ్చు. కిట్టు వేసిన రోజు షాపువాళ్లు "పాతవి స్క్రాప్ కదన్నా, మేం పడేస్తాం" అంటే సరేనన్నాను. స్ప్రింగులు షాకులంత త్వరగా పాడవవు, షాకులు పోయినా అవి నిక్షేపంలా ఉన్నాయి. బెంగళూరులో ఎవరికైనా ఆ షాపుల్లో పోలో ఒరిజినల్ స్ప్రింగులు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే, ముందు ఎడమదాని కింది చుట్టు మీద మా అబ్బాయి అంటించిన డైనోసార్ స్టిక్కరు ఉందేమో చూడండి. అవి నావే.