ఆర్టీఏ ఏజెంటు రాయించిన ఆ ఒక్క కాగితం

విజయవాడలో నా పాత కారు అమ్మినప్పుడు కాగితాల పని ఒక ఏజెంటు గారికి అప్పగించాను. 1,500 తీసుకున్నారు. పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 సంతకాలతో ఆగకుండా డెలివరీ కాగితం కూడా రాయించారు: తేదీ, సమయం, మీటరు రీడింగు, ‘నడిపి చూసుకుని, ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను’ అని.

పది రోజులకు కొన్నాయన ఫోన్. ‘క్లచ్ గట్టిగా ఉందండీ, డబ్బు వెనక్కి ఇచ్చేయండి.’ రాత్రంతా టెన్షన్. క్లచ్ సంగతి నేను ముందే చెప్పాను, ధర కూడా అందుకే 8,000 తగ్గించాను! ఏజెంటు గారు ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఆ డెలివరీ కాగితంలో క్లచ్ గురించి రాసిన లైను చదివి వినిపించారు. ఆయన మారు మాట్లాడలేదు.

పేరు మార్పిడి ఆలస్యమైంది, ఏజెంటు గారు ఫోన్ ఒకపట్టాన ఎత్తరు. అయినా మా బావమరిది బండికీ ఈయన దగ్గరికే పంపాను.