కచేరీ రాబడి, స్ట్రీమింగ్ రాబడి: ఐరోపా స్వరకర్తకు ఏది ఆసరా?

ఐరోపాలో రాయల్టీ, అంటే పాటను వాడుకున్నందుకు దాని కర్తలకు చెల్లించే సొమ్ము, వసూలు చేసే వ్యవస్థకు పునాది ప్రత్యక్ష ప్రదర్శనల్లోనే పడింది. 1847లో పారిస్‌లోని ఒక కెఫేలో తన పాట వాయిస్తూ తనకేమీ చెల్లించడం లేదని గీత రచయిత ఎర్నెస్ట్ బూర్జే బిల్లు కట్టడానికి నిరాకరించి, న్యాయస్థానంలో నెగ్గాడు. దరిమిలా 1851లో రచయితలు, స్వరకర్తల తరఫున ఇలాంటి రుసుము వసూలు చేసే సాసెమ్ అనే సంఘం ఏర్పడింది. నేటికీ కచేరీ రుసుమును చాలాచోట్ల టికెట్ల రాబడిలో శాతంగా లెక్కగట్టి, నిర్వాహకులు ఇచ్చే పాటల జాబితాను బట్టి పంచుతారు. అందువల్ల వినేవారు వందల్లోనే ఉన్న జాజ్ స్వరకర్తకైనా ఒక్కో ప్రదర్శనకు చెప్పుకోదగ్గ సొమ్ము దక్కవచ్చు. అయితే 2020లో వేదికలన్నీ మూతపడినప్పుడు ఈ మార్గం దాదాపు ఎండిపోయింది.

స్ట్రీమింగ్ మాత్రం ఆ ఏడాది కూడా ఆగలేదు. 2014 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశం పలు దేశాలకు కలిపి ఆన్‌లైన్ లైసెన్సులు ఇచ్చే పద్ధతికి నిబంధనలు ఏర్పరచగా, బ్రిటన్, స్వీడన్, జర్మనీల సంఘాలు పీఆర్‌ఎస్, స్టిమ్, గేమా కలిసి ఈ లైసెన్సుల పని చూసే ఐస్ అనే ఉమ్మడి కేంద్రాన్ని నెలకొల్పాయి. 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి రచయితల, స్వరకర్తల సంఘాల వసూళ్లలో డిజిటల్ వాటాయే అన్నింటికన్నా పెద్దదైంది.

మొత్తం పెద్దదే, కానీ కోట్లాది వినికిడుల మధ్య పంచుకోవలసి రావడంతో ఒక్కో పాటకు దక్కేది అతి స్వల్పం; పైగా హక్కుదారుల వివరాలు సరిగా నమోదు కాకపోతే ఆ కొంచెమూ నిలిచిపోతుంది. విస్తృత శ్రోతలున్నవారికి డిజిటల్ మేలు; మిగిలినవారికి, నా అంచనాలో, వేదికే ఇంకా నమ్మదగినది.