మొరాయించే కుక్కకు గోళ్ల గ్రైండర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా కుక్క గోళ్లు నల్లగా, గట్టిగా ఉంటాయి. కట్టర్ కనబడితే చాలు, కాలు వెనక్కి లాక్కునేది. అందుకే బ్యాటరీతో గుండ్రంగా తిరిగే చిన్న రాయి ఉన్న గోళ్ల గ్రైండర్ కొని, కొన్నేళ్లుగా ఇంట్లోనే దానితో గోళ్లు అరగదీస్తున్నాను. దీనివల్ల నాకు కలిగిన అసలు మేలు, కుక్క ఎప్పుడు వద్దంటే అప్పుడు పని ఆపేయగలగడం.

కట్టర్‌ను ఒకసారి నొక్కాక తెగిన ముక్క తెగినట్టే. తెల్లని గోళ్లలో రక్తనాళం, నరం ఉండే పచ్చి భాగం గులాబీ రంగులో పైకే కనిపిస్తుంది. నల్లని గోళ్లలో ఆ ఆనవాలు దొరకదు. గ్రైండర్ పొరలు పొరలుగా అరగదీస్తుంది కనుక మధ్యమధ్యలో గోరు కొసను పరీక్షగా చూసుకోవచ్చు. కొస మధ్యలో ముదురు రంగు చుక్క కనబడిందంటే పచ్చి భాగం దగ్గరపడినట్టే, అక్కడితో ఆపాలి. ఇలా తరచుగా కొద్దికొద్దిగా అరగదీస్తూ ఉంటే ఆ పచ్చి భాగం కూడా క్రమంగా వెనక్కి తగ్గుతుంది. ఒకవేళ రక్తం వస్తే వెంటనే అద్దడానికి, రక్తం ఆపే పొడిగానీ మొక్కజొన్న పిండిగానీ పక్కన ఉంచుకోవడం అవసరం.

శబ్దం విషయంలో మాత్రం చప్పుడు తక్కువని చెప్పే అట్టపెట్టె మీది మాటలను నమ్మి కొనవద్దని చెబుతాను. మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వినిపిస్తే, కుక్కకు సుమారు 45,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుంది. మనకు సన్నగా తోచే రొద దానికి అలాగే తోస్తుందని అనుకోలేం. అందుకే అలవాటు చేయడానికి పట్టే కాలాన్ని కూడా ఈ పరికరం ఖరీదులో భాగంగానే లెక్కించాలి. మొదట ఆపి ఉన్న గ్రైండర్‌ను వాసన చూడనిచ్చి తినడానికి ఏదైనా పెట్టాలి; ఆ తర్వాత దూరంగా ఆన్ చేసి, ఆ చప్పుడు వినబడిన వెంటనే తిండి పెట్టాలి; ఆ పైన ఆపి ఉన్న పరికరాన్ని గోటికి తాకించి తిండి పెట్టాలి. ఈ వరుస తిరగబడకూడదు. ముందే తిండి చూపించి ఆపైన చప్పుడు చేస్తే, కుక్క ఆ తిండినే అనుమానించడం మొదలుపెడుతుంది. పెదవులు నాక్కుంటున్నా, నిద్ర వేళ కాకపోయినా ఆవలిస్తున్నా, తల తిప్పుకుని కంటి కొసతో చూస్తున్నా ఆ పూటకు ఒక్క గోరుతో సరిపెట్టడమే మేలు.

వాడకంలో ఇబ్బందులు లేకపోలేదు. ఒకేచోట రెండు మూడు సెకన్లకు మించి ఆనిస్తే రాపిడికి గోరు వేడెక్కుతుంది, అరిగిపోయిన రాయితోనైతే ఇంకా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి దాన్ని మార్చడంలో పిసినారితనం పనికిరాదు. పొడవాటి వెంట్రుకలు తిరిగే భాగానికి చుట్టుకోకుండా, పాదానికి పాత మేజోడు తొడిగి గోళ్లను మాత్రమే బయటికి తీసుకోవాలి. గోటి పొడి గాలిలోకి లేస్తుంది కనుక మాస్కు పెట్టుకుంటాను. మరీ పెరిగిన గోళ్లకు ఇది ఒక్కటే చాలదు. కొసలను ముందు కట్టర్‌తో తీసి, ఆ పదును అంచులను దీనితో నునుపు చేయడం నయం. కాలి లోపలి వైపు పైన ఉండే గోరు నేలకు తగలదు, దానంతట అది అరగదు, కాబట్టి దాన్ని మరచిపోకూడదు.

పాదం ముట్టుకోనివ్వని కుక్కకు ఏ పరికరం కొన్నా ముందు స్పర్శ అలవాటు కావాలి. కరవడానికి వచ్చే కుక్క అయితే ఇంట్లో ప్రయత్నించకుండా పశువైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి. అప్పటివరకు సహకరించిన కుక్క హఠాత్తుగా కాలు ఇవ్వనంటే దాన్ని మొండితనం అనుకోకూడదు. మా కుక్కకు వయసు మళ్లాక వెనక కాలు ఎత్తనివ్వకపోతే చూపించాం, కీళ్ల నొప్పి అని తేలింది. ఇప్పుడు దాన్ని పక్కకు పడుకోబెట్టి, కాలిని పక్కకు లాగకుండా, అది నడిచేటప్పుడు మడిచే దిశలోనే కొద్దిగా మడిచి పట్టుకుని, రోజుకు ఒకటి రెండు గోళ్ల చొప్పున అరగదీస్తున్నాను.