మూడో ల్యాపులో ఆగిపోయే ఆట: అసెట్టో కోర్సాతో ఆరేళ్ల కాపురం

కంప్యూటర్‌లో కారు రేసు ఆడుతూ కరుసెల్ అనే మలుపులోకి దిగాను. అంతే, స్క్రీన్ నల్లబడింది. చిత్రం ఏమిటంటే హెడ్‌ఫోన్స్‌లో ఇంజిన్ మోత ఇంకా వస్తూనే ఉంది. క్యాబినెట్‌లో ఫ్యాను పిండిమరలా అరుస్తోంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేసి, మొదటి ల్యాపు (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) నుంచి మొదలెట్టాను. మళ్లీ మూడో ల్యాపు, మళ్లీ అదే మలుపు, మళ్లీ చీకటి. నాలుగో రోజుకి ఆ ట్రాక్ ఫైల్లో, సరిగ్గా ఆ మలుపు దగ్గర, ఏదో దెయ్యం ఉందని తీర్మానించేశాను.

ఇది 2020 ఏప్రిల్ సంగతి. లాక్‌డౌన్. ఖమ్మంలో ఎండ మొదలైంది, రిపేరు షాపులన్నీ మూత. నాకేమో పగలంతా ఖాళీ.

అసెట్టో కోర్సా అప్పటికే పాత ఆట. 2014 డిసెంబరులో పూర్తి రూపంలో విడుదలైంది. రోమ్ నగరం దగ్గర వల్లెలుంగా అనే రేస్ ట్రాక్ ఆవరణలో ఆఫీసు పెట్టుకున్న కునోస్ సిములాజియోని దీన్ని తయారుచేసింది. పేరుకి అర్థం, కాస్త అటూఇటూగా, రేసు కోసం బండికి చేసే సర్దుబాట్లు అని. నేను 2019 చివర్లో సేల్‌లో చవగ్గా కొన్నాను, సెకండ్ హ్యాండ్ స్టీరింగ్ వీల్ కోసం మాత్రం ఆటకంటే చాలా ఎక్కువే వదిలించుకున్నాను. ఇప్పటికి తొమ్మిది వందల గంటలు దాటాయి. క్రాష్ అయిన (కారు గుద్దుకోవడం కాదు, ఆటే ఆగిపోవడం) ప్రతిసారీ ఒక గీత గీసుకునే నోట్‌బుక్ కూడా ఉంది, అందులో 61 గీతలు. తేదీ, ఎన్నో నిమిషం, ఏ కారు, ఏ ట్రాక్. అకౌంట్స్ పని చేసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది మరి.

ఇన్నిసార్లు ఆగిపోయిన ఆటని ఇన్నేళ్లు ఎందుకు పట్టుకు వేలాడావని అడగొచ్చు. సైకిల్ తొక్కుతూ ఇసుక మీదికి వెళ్తే హ్యాండిల్ ఒక్కసారిగా తేలికైపోతుంది చూడండి, ఈ ఆటలో ముందు టైర్లు పట్టు తప్పినప్పుడు చేతిలో స్టీరింగ్ సరిగ్గా అలాగే తేలికైపోతుంది. కారు జారాక కాదు, జారబోయే ముందు. జర్మనీలో ఉన్న నూర్బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ ట్రాక్‌ని లేజర్‌తో కొలిచి 2015లో అదనపు ప్యాక్‌గా ఇచ్చారు. 20.8 కిలోమీటర్లు, అడవి మధ్యలో కొండలెక్కి దిగే రోడ్డు. అందులో కరుసెల్ అనేది కాంక్రీటు పలకలు పరిచిన గిన్నెలాంటి మలుపు. ఎడమ చక్రాలు ఆ గిన్నెలోకి దిగగానే పలకల అతుకులు ఒక్కొక్కటీ చేతికి తగులుతాయి. నేను జర్మనీ వెళ్లలేదు, బహుశా వెళ్లను కూడా. ఆ అతుకులు మాత్రం నా చేతులకి తెలుసు.

మళ్లీ దెయ్యం దగ్గరికొద్దాం. నేను నడిపే వేగానికి నార్డ్‌ష్లైఫ ఒక ల్యాపు ఎనిమిదిన్నర నిమిషాలు. రెండు ల్యాపులకి పదిహేడు, మూడో ల్యాపులో కరుసెల్ చేరేసరికి మరో ఐదూ ఐదున్నర. అంటే ఇరవై రెండో నిమిషం. నోట్‌బుక్‌లో గీతల పక్కన నిమిషాలు రాసుకున్నాను కాబట్టి అది కంటికి ఆనింది. వెంటనే మోంజా ట్రాక్ పెట్టుకుని తిరిగాను. అక్కడ ల్యాపు రెండు నిమిషాలు. పదకొండో ల్యాపులో స్క్రీన్ నల్లబడింది. పకపకా నవ్వుకున్నాను. దెయ్యం మలుపులో లేదు, గడియారంలో ఉంది.

గడియారం చూసుకుని వచ్చే జబ్బు చాలావరకు వేడి జబ్బే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి, ఆడుతున్నంతసేపూ ఉష్ణోగ్రతలు ఫైల్లోకి రాసుకునేలా చేశాను. స్క్రీన్ మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మొదటి పది నిమిషాల్లో 80 డిగ్రీలు దాటింది, ఆపైన మెల్లగా ఎక్కుతూ 87 దగ్గర ఫైలు తెగిపోయింది. క్యాబినెట్ పక్క రేకు తీశాను. మా ఇంటికి అర కిలోమీటరు దూరంలో గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలున్నాయి. ఆ తెల్ల పొడి కిటికీ ఊచల మీద, బట్టల మీద, కరివేపాకు చెట్టు మీద ఎప్పుడూ ఉండేదే. గ్రాఫిక్స్ కార్డు రెక్కల మధ్య అది పేరుకుని, తేమకి తడిసి, ఆరి, పెనం అంచున ఎండిపోయిన దోసెపిండిలా పెళ్లలు కట్టింది. మా నాన్నగారి పాత పెయింట్ బ్రష్, సైకిల్ పంపు, నా దగ్గరున్న పరికరాలు ఆ రెండే. ఫ్యాను రెక్కని వేలితో కదలకుండా పట్టుకుని గాలి కొట్టాలి, లేకపోతే గాలికి అది గిర్రున తిరిగి బేరింగు పాడైపోతుంది. గంటన్నర పట్టింది. అదే ట్రాక్, అదే కారు, 74 డిగ్రీలు. ఆ సాయంత్రం ఏడు ల్యాపులు తిరిగాను.

ఇక్కడో పిట్టకథ. ఆ నాలుగు రోజులూ విండోస్ తన తప్పుల చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే ఎర్ర గుర్తు చూసి ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే డబ్బా) పోయిందని బెంగపెట్టుకున్నాను. నెట్‌లో సగం మంది అదే అంటారు. నిజానికి 41 చెప్పేది ఒక్కటే, సిస్టమ్ పద్ధతిగా ఆగలేదు అని. పద్ధతిగా ఎందుకు ఆగుతుంది, బటన్ నొక్కిపట్టి ఆపింది నేనే కదా! నా వేలిముద్రని చూసి దొంగ ఎవరా అని వెతికినట్టయింది.

రెండేళ్లు హాయిగా గడిచాయి. 2022లో బుద్ధి పుట్టి, ఉన్న రెండు ర్యామ్ (మెమరీ) స్టిక్కుల పక్కన మరో రెండు కొని పెట్టాను, పదహారు జీబీ కాస్తా ముప్పై రెండైంది. రెండోవారం నుంచి కొత్త రకం చావు మొదలైంది. ఈసారి స్క్రీన్ నల్లబడదు, ఫ్యాను అరవదు. ఆడుతూ ఆడుతూ ఉండగా ఆట మాయమై డెస్క్‌టాప్ ప్రత్యక్షం. ఒక సందేశం లేదు, ఒక సంజాయిషీ లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో యాక్సెస్ వయొలేషన్ అని ఒక కోడ్, అంటే ప్రోగ్రామ్ ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుందని. ఒకరోజు ఐదో నిమిషంలో, ఒకరోజు రెండు గంటలకి, మరోరోజు అసలు రాదు. మొదటిది రోజు విడిచి రోజు ఠంచనుగా వచ్చే చలిజ్వరమైతే, ఇది వేళాపాళా లేని జ్వరం.

నెట్‌లో చెప్పినవన్నీ చేశాను. ఆట ఫైళ్లు సరిచూసుకున్నాను. గ్రాఫిక్స్ డ్రైవర్‌ని డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో ఆనవాలు లేకుండా తుడిచి కొత్తది వేశాను. స్క్రీన్ మూలన ఫ్రేములు చూపించే ఓవర్‌లేలన్నీ పీకేశాను. చివరికి విండోస్ కూడా కొత్తగా ఎక్కించాను, ఒక ఆదివారం మొత్తం దానికే. ఫలితం సున్నా. తప్పు ఎక్కడ చేశానంటే, రెండు మూడు మార్పులు ఒకేసారి చేసేవాణ్ణి. ఒకరోజు క్రాష్ రాకపోతే దేని పుణ్యమో తెలిసేది కాదు, మర్నాడు వస్తే దేని పాపమో తెలిసేది కాదు.

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చి ఒక్క ప్రశ్న అడిగాడు: "మావయ్యా, ఇది మొదలవకముందు నువ్వు కొత్తగా ఏం పెట్టావ్ దీంట్లో?" ర్యామ్ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఎందుకంటే బ్రౌజర్ బాగుంది, సినిమాలు బాగున్నాయి, మిగతా ఆటలు బాగున్నాయి, కాబట్టి దీనిదే తప్పని నా లెక్క. కానీ ఈ ఆట టైర్లు, స్ప్రింగుల లెక్కని సెకనుకు 333 సార్లు వేస్తుంది, పక్కన ఇరవై కార్లుంటే వాటిక్కూడా. మెమరీలో ఒక్క అంకె తారుమారైతే సినిమాలో ఒక చుక్క రంగు మారుతుంది, మనకి కనపడదు. ఇక్కడ లెక్క తప్పి ఆటే కూలిపోతుంది.

మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పది గంటలకి పెట్టి పడుకున్నాను. మొదటి రెండు విడతలు ఒక్క తప్పూ లేదు. తెల్లవారుజామున మంచినీళ్లకి లేచి చూస్తే మూడో విడతలో ఎర్ర గీతలు. పడుకోలేదు, అక్కడే స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కొక్క గీతా వస్తుంటే చూశాను. విచిత్రంగా సంతోషం వేసింది. వేర్వేరుగా కొన్న రెండు జతలు, నాలుగు స్టిక్కులు కలిసి ఎక్స్ఎంపీ అనే రెడీమేడ్ సెట్టింగు చెప్పిన 3200 వేగం మోయలేకపోతున్నాయి. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల్లోకి, వెళ్లి 2933కి దించాను. ఆ రాత్రి నాలుగు విడతలూ శుభ్రంగా వచ్చాయి. వేగం తగ్గిన తేడా నాకైతే ఇప్పటికీ తెలియలేదు. అంతకుముందు నెల ఒక పార్టీ జీఎస్టీ ఎక్సెల్ ఫైలు తెరుచుకోనని మొరాయించింది, అది కూడా దీని నిర్వాకమేనేమోనని నా అనుమానం. ఆటని తిట్టుకున్నాను గానీ, గంట మోగించింది అదే.

మూడో రకం నవ్వు తెప్పించేది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది గుర్తుందా? 2.83 కిలోమీటర్ల సర్క్యూట్, 18 మలుపులు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. సచివాలయం ముందు, నెక్లెస్ రోడ్డు మీద బండి నడపాలని ఏ తెలుగువాడికి ఉండదు! ఔత్సాహికుడు ఒకరు చేసిన ట్రాక్ దొరికింది, దించుకున్నాను. నిజం రేసులో ఉన్నట్టే 22 కార్లు పెట్టాను. లోడింగ్ పట్టీ చివరిదాకా వెళ్లడం, డెస్క్‌టాప్. పదిసార్లు. ఒంటరిగా తిరిగితే మాత్రం ఏ బాధా లేదు.

డాక్యుమెంట్స్‌లో అసెట్టో కోర్సా ఫోల్డర్, అందులో లాగ్స్ ఫోల్డర్, అందులో లాగ్ అనే మామూలు టెక్స్ట్ ఫైలు. ఆట చచ్చేముందు ఏం చేస్తోందో అందులో ఉంటుంది, ఆఖరి పది వరుసలు చదివితే చాలు. కారు పేరు దగ్గర ఆగిందా, ట్రాక్ దగ్గర ఆగిందా తెలిసిపోతుంది. నా ఫైల్లో కార్ల పేర్లు వరసగా వచ్చి, ఒకచోట టక్కున ఆగిపోయింది. లెక్కపెట్టాను. ఆ ట్రాక్ చేసినాయన పిట్‌లో, అంటే బండ్లు ఆపుకునే జాగాలో, పది బండ్లకే చోటు పెట్టాడు. పదకొండో బండిని ఎక్కడ నిలబెట్టాలో ఆటకి తెలియలేదు. పెళ్లికి పది విస్తళ్లు వేసి ఇరవై రెండు మందిని కూర్చోబెట్టినట్టు. తొమ్మిది మంది ప్రత్యర్థులతో ఆడితే సాఫీగా నడిచింది. మోడ్ ట్రాక్ (ఇలా ఔత్సాహికులు చేసి పెట్టినది) ఏది దించుకున్నా ఇప్పుడు మొదట పిట్‌ల సంఖ్యే చూస్తాను.

మోడ్‌ల సంగతొచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ ఆట బతికున్నదే మోడ్‌ల వల్ల. పెట్టెలోంచి తీసినప్పుడు దీనికి రాత్రి లేదు, వాన లేదు. కస్టమ్ షేడర్స్ ప్యాచ్ అనే మోడ్ వేశాక రెండూ వచ్చాయి. దాన్ని కంటెంట్ మేనేజర్ అనే ప్రోగ్రామ్‌లోంచి వేసుకోవడం సుఖం, వెర్షన్ మార్చుకోవడం కూడా అక్కడే. కొత్త ప్రివ్యూ (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) వచ్చిందని ఎగబడి వేసుకుని నేను తెచ్చుకున్న గీతలు డజను దాకా ఉంటాయి. వెనకటి వెర్షన్‌కి తిరిగితే పోయేవి. ప్రివ్యూ అంటే ప్రివ్యూనే, ఎవరినీ అనడానికి లేదు.

ఇక ఆఖరిది క్రాష్ అని కూడా అనలేం, నోట్‌బుక్‌లో రాశాను గానీ. 2024 మే. ఆట నడుస్తూనే ఉంటుంది, స్టీరింగ్ మాత్రం చచ్చుబడిపోతుంది. టుంగుమని యూఎస్‌బీ ఊడిన చప్పుడు, కారు నేరుగా గోడలోకి. వైరు మార్చాను, పోర్టు మార్చాను, విండోస్‌లో యూఎస్‌బీ పవర్ పొదుపు తీసేశాను. కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలు. ఒకరోజు చెప్పుల్లేకుండా నిలబడి క్యాబినెట్ ముట్టుకుంటే వేలికి జిల్లుమంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఆయన సిస్టమ్ వైపు చూడనే లేదు. టెస్టర్ పెట్టి చూసి, పెరట్లోకి నడిచి, "సార్, ఎర్త్ గుంటలో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది?" అన్నాడు. గుంట ఎక్కడుందో కూడా నాకు గుర్తులేదు. మట్టి పగుళ్లిచ్చి ఉంది. పైన తవ్వి ఉప్పు, బొగ్గు వేసి, నాలుగు బిందెలు నీళ్లు పోయించాడు. వేళ్ల జిల్లు ఆ పూటే పోయింది. కూలర్‌నీ సిస్టమ్‌నీ ఒకే జంక్షన్ బాక్సులో పెట్టానని చీవాట్లు కూడా వేశాడు, విడదీశాను. స్టీరింగ్ ఆ తర్వాత ఊడలేదు.

ఈ ఆట కొనొచ్చా అని అడిగేవాళ్లకి: స్టీరింగ్ వీల్ ఉంటే కళ్లు మూసుకుని కొనండి. గేమ్‌ప్యాడ్ ఒక్కటే ఉంటే ఆలోచించుకోండి, దీని రుచి చేతికి తెలిసేది, కంటికి కాదు. 2025 జనవరిలో దీని వారసుడు అసెట్టో కోర్సా ఈవో ఇంకా పూర్తికాకుండానే అమ్మకానికొచ్చింది. చూశాను, బొమ్మ బాగుంది. నా గ్రాఫిక్స్ కార్డు ముఖం చూసి ఊరుకున్నాను. మోడ్‌లు వేయకుండా ఆడితే పాతది నా సిస్టమ్‌లో రాయిలా నిలకడగా ఉంటుంది. మోడ్‌లు వేస్తే లాగ్ ఫైలు చదవడం నేర్చుకోవాలి. పది నెలలుగా నోట్‌బుక్‌లో కొత్త గీత లేదు.

ఆదివారం రాత్రి రేసు ఉంటే సాయంత్రమే పెరట్లోకెళ్లి ఎర్త్ గుంటలో రెండు బిందెలు పోస్తాను. మొన్న పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి, "ఏం మొక్క నాటావు నాయనా, ఇన్నాళ్లైనా మొలకెత్తలేదు?" అన్నారు.